మా మూడో ఫ్లోర్ ఆంటీకి, ఆటో అన్నకి, పెయింటర్ అన్నకి మస్తు థాంక్స్

మా పిల్లగాడు పెయింట్‌లో కలిపే థిన్నర్ తాగిండు, నాలుగు రోజులైంది మేం హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చి. ఫోన్లు చేసినోళ్లకి ఒక్కొక్కరికి చెప్పలేక ఇక్కడ ఒకేసారి రాస్తున్న, జర పెద్దగైతది, ఏమనుకోకండి.

దసరా అయిపోయింది, దీపావళి వస్తుందని ఇల్లంతా దులిపి గ్రిల్స్‌కి, తలుపులకి పెయింట్ వేయిస్తున్నం. పెయింటర్ అన్న సాయంత్రం పొయ్యేటప్పుడు "థిన్నర్ డబ్బా మూత సరిగ్గ పడ్తలేదు, ఖాళీ సీసా ఏదన్నా ఉంటే ఇయ్యమ్మా" అంటే ఫ్రిజ్ మీదున్న వాటర్ బాటిల్ తీసి నేనే ఇచ్చిన. మిగిలింది అందులో పోసి బాల్కనీ మూలకి పెట్టి పోయిండు. అన్నని ఎవ్వరూ ఏమనొద్దు, బాటిల్ ఇచ్చింది నేను. రంగుండదు, నీళ్ల లెక్కనే కనబడతది, అదే బాటిల్‌తో మావోడు రోజూ నీళ్లు తాగుతడు, వాడికి రెండేళ్ల నాలుగు నెలలు, వాడికేం తెలుస్తది.

నేను పప్పు తాలింపు పెడుతున్న, దగ్గు వినబడ్డది. మామూలు దగ్గు కాదు, పొలమారినట్టు ఆగకుండా. పోయి చూస్తే చొక్కా తడి, నోరంతా థిన్నర్ వాసన. అత్తమ్మ "ఉప్పునీళ్లు పట్టియ్యి, కక్కియ్యి" అని ఒకటే అరుపు, ఆమె చిన్నప్పటి నుంచి చూసింది అదే, నేను కూడా వేరే ఆలోచన లేకుండా వాడి గొంతులో వేలు పెట్టబోయిన. మా అరుపులకి మూడో ఫ్లోర్ ఆంటీ చెప్పుల్లేకుండ ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకుని లాగేసింది. గట్టిగనే లాగింది, ఇంకా కమిలి ఉంది.

ఆంటీ స్టాఫ్ నర్సుగా చేసి రిటైర్ అయింది, నాకు అప్పటిదాకా ఆ సంగతే తెల్వదు, మూడేళ్ల నుంచి ఒకే బిల్డింగ్‌లో ఉంటున్నం. థిన్నరైనా కిరోసినైనా పెట్రోలైనా కక్కించొద్దంట. అది పల్చగ జారిపోతది, కడుపులో ఉంటే అంత ప్రమాదం కాదు, మళ్లీ పైకొచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడ నిమోనియా లెక్క వాపు చేస్తది, అదీ అసలు భయం. అప్పటికే దగ్గుతున్నడంటే కొంచెం పోయే ఉంటదని, ఇంకా పోనియ్యొద్దని చెప్పింది. బట్టలిప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, వాణ్ని నిటారుగ కూర్చోబెట్టుకుంది. తన ఫోన్ నుంచి 1800 116 117కి కొట్టింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాలకి సంబంధించిన సెంటరంట, 24 గంటలూ ఎత్తుతరు, కాల్ ఫ్రీ. వయసెంత, బరువెంత, ఏం తాగిండు, ఎన్ని గుటకలు, ఎంతసేపైంది, దగ్గుతున్నడా అని అడిగి, దగ్గుంటే ఇంట్లో ఉంచొద్దు వెంటనే తీస్కపొండి అన్నరు. మన హైదరాబాదీ హిందీ వాళ్లకి అర్థమైంది లెండి.

108కి కొట్టేలోపే గేటు ముందు ఆటో దొరికింది. ఆ అన్నకి ప్యాసింజర్ ఉన్నడు, ఆయన్ని బతిమాలి దింపేసి మమ్మల్ని ఎక్కించుకున్నడు. నాచారం నుంచి హబ్సిగూడ సిగ్నల్ దాకా సాయంత్రం ఏడింటికి ఎట్లుంటదో మీకు తెలుసు, ఏ సందుల్లోంచి తీస్కపోయిండో నాకిప్పటికీ తెల్వదు. పైసలు తీసుకోలేదు. పేరడగలేదు నేను. దిగబడ్డ ఆ ప్యాసింజర్ అన్నకి కూడా థాంక్స్.

హాస్పిటల్‌లో పైపు వేసి కడుపు కడుగుతరు అనుకున్న, కడగలేదు, కారణం ఆంటీ చెప్పిందే. వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూసిన్రు, ఎక్స్‌రే తీసిన్రు, ఆరు గంటలైనంక మళ్లీ తీసిన్రు, మొదట్లో ఏం కనబడకున్నా తర్వాత కనబడొచ్చంట. రాత్రికి జ్వరం వచ్చింది, ఊపిరి గబగబ తీసుకున్నడు, రెండు రోజులు ఉంచుకున్నరు. డ్యూటీ డాక్టరమ్మ డబ్బా మీద ఏం రాసుందో కావాలంటే పెయింటర్ అన్న పాపం ఆ ఖాళీ డబ్బా పట్టుకుని బైక్ మీద వచ్చిండు. బయట బెంచీ మీద పొద్దున దాకా కూర్చున్నడు. మా ఆయన గచ్చిబౌలి నుంచి వచ్చేసరికి పెయింటర్ అన్ననే టీ తాపిచ్చిండు.

ఇంటికొచ్చిన తెల్లారి ఆంటీ మా ఇల్లు చెకింగ్ చేసింది. సిగ్గుతో చచ్చిన. బాత్రూంలో టాయిలెట్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ పక్కపక్కన, రెండూ కలిపితే మిలమిల మెరుస్తదని నేననుకుంట, కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తదంట. బతుకమ్మకి గునుగు పూలకి అద్దిన రంగు నీళ్లు ఇంకా స్టీలు గ్లాసులోనే ఉన్నయ్! చలికాలం రగ్గులు ఇప్పుడే తీసినం గద, వాటి మధ్యల డాంబర్ గోలీలు (నాఫ్తలీన్ ఉండలు), పిల్లగాడికి పిప్పర్‌మెంటు లెక్క కనబడవా మరి. కొందరు పిల్లలకి జీ6పీడీ అనే ఎంజైము తక్కువుంటదంట, వాళ్లు ఆ గోలీలు మింగితే రక్తకణాలు పగిలిపోతయంట. ఇంకోటి, బ్యాటరీ దీపాలు కొన్న ఈసారి, నిజం దీపాలైతే కాల్తయని! వాటి కింద మూత గోటితో తీస్తే వస్తుంది, లోపల బిళ్లంత బ్యాటరీ. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేస్తదని ఆంటీ చెప్పినంక మూతలన్నిటికీ టేపు చుట్టి పైన అటక మీద పెట్టిన.

అత్తమ్మ ఆ నంబర్‌ని క్యాలెండర్ మీద పెద్ద అంకెలతో రాసుకుంది, ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చూపిస్తుంది, పాలబ్బాయికి కూడా.

ఆంటీ ఇడ్లీలు పంపిన టిఫిన్ డబ్బా మా దగ్గరే ఉంది, ఖాళీగ ఎట్లిస్తం, గరిజెలు చేసి ఇద్దామనుకుంటున్న. పెయింటర్ అన్న సోమవారం వస్తుండు, గ్రిల్స్‌కి రెండో కోటు మిగిలింది. ఈసారి మూత సరిగ్గ పడే డబ్బా తనే తెస్తడంట, సాయంత్రం మళ్లీ తనే తీస్కపోతడంట.