కళ్లంలో గ్రౌండ్ వేసుకున్నాం, దాన్ని రికార్డులోకి ఎక్కించండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల ఎవరో ఇద్దరు మా ఊరి ఆటస్థలంలో టేపు పట్టుకుని కొలతలు వేసుకుని వెళ్లారు. ఎందుకు బాబూ అని అడిగితే ఊరికే అన్నారు. ఊరికే ఎవరూ మిట్టమధ్యాహ్నం ఎండలో టేపు పట్టుకుని తిరగరు కదా, అందుకే ఈ ఉత్తరం.

మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం వైపు, పూలతోటల ఊరు. ఊరి చివర ఎకరం ఇరవై సెంట్ల కళ్లం ఉండేది. కోత మిషన్లు వచ్చాక నూర్పులు పొలంలోనే అయిపోతున్నాయి, కళ్లంతో ఎవరికీ పని లేకుండా పోయింది. తుమ్మలు లేచాయి, ఇళ్లు కట్టుకున్నవాళ్లు మిగిలిన ఇటుక ముక్కలూ రాళ్లూ తెచ్చి అక్కడే పోశారు. పిల్లలేమో హైవే పక్క సర్వీసు రోడ్డు మీద క్రికెట్. బంతి అటు దొర్లిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లకు టెన్షన్.

కిందటేడు వేసవిలో కుర్రాళ్లే మొదలుపెట్టారు. ఆదివారం ఆదివారం శ్రమదానం. మార్కెట్లో పూలు దింపేసి వచ్చిన రైతులు ఏడింటికల్లా పలుగూ పారా పట్టుకునేవారు, ఆడవాళ్లు తట్టలతో మట్టి మోశారు, ఒక మామ్మ ప్రతి వారం బిందెడు చోడి అంబలి చేసి తెచ్చి చెట్టు కింద పెట్టేది, ఆ బిందె ఖాళీ అయితేనే ఆవిడ ఇంటికి కదిలేది. మొదుళ్లు పెకలించడానికి మాత్రం జేసీబీ కావలసి వచ్చింది, దానికి ఇంటికింత వేసుకున్నాం. అందరూ వచ్చారని చెప్పను. రానివాళ్లు గట్టు మీద కూర్చుని సలహాలిచ్చారు, అదీ ఒక సాయమే అనుకోవాలి.

తప్పులూ చేశాం. నేలంతా క్యారమ్స్ బోర్డులా చదును చేసేసి మురిసిపోయాం, మొదటి పెద్ద వాన పడగానే గ్రౌండ్ చెరువైంది, బాతులు కూడా దిగాయి. ఊళ్లో తాపీమేస్త్రి ఒకాయన వచ్చి తిట్టి, నీళ్ల పైపుతో లెవెల్ చూసి, మధ్య ఎత్తుగా ఉండి అంచులకు మీటరుకి ఒక సెంటీమీటరు చొప్పున వాలు ఉండాలని చెప్పాడు. మళ్లీ మట్టి తోలాం, చుట్టూ కాలువ తీశాం. ఇప్పుడు వాన వెలిసిన మర్నాటికి ఆడుకోవచ్చు.

400 మీటర్ల ట్రాక్‌కి నాలుగెకరాలు కావాలి, అది మా వల్ల కాదు. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పుతో వాలీబాల్ కోర్టు, పక్కనే కబడ్డీ కోర్టు సున్నంతో గీశాం. మిగతాదంతా క్రికెట్ వాళ్లు ఆక్రమించుకోబోతే పెద్ద గొడవైంది, చివరికి సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర దాకా ఆడపిల్లలదే అని తేల్చాం. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో ఆసియా క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్‌లో రజతం తెస్తే అందరం ఫోన్లలో చూసి చప్పట్లు కొట్టాం, కానీ ఆ రోజున మా ఊళ్లో ఒక పిల్లకి పరిగెత్తాలనిపిస్తే చోటేదీ?

ఇక అసలు సంగతి. చెమటతో అయ్యే పని అయిపోయింది, సంతకంతో అయ్యే పనే మిగిలింది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం కళ్లం పోరంబోకు పంచాయతీకే చెందుతుంది. అయినా రికార్డులో ఇది ఇప్పటికీ కళ్లమే, ఆటస్థలం అని ఎక్కడా లేదు. వాడకంలో లేని కళ్లం కనిపిస్తే ఎవరి కళ్లు పడతాయో, విశాఖ చుట్టుపక్కల సెంటు ధర తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఒక ఆఫీసుకి వెళితే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు, అక్కడికి వెళితే మొదటి ఆఫీసు నుంచే కాగితం రావాలన్నారు. మూడుసార్లు తిరిగాం, మూడుసార్లూ పూల కోత రోజే పోయింది.

మేము డబ్బులు అడగడం లేదు. గ్రామసభలో తీర్మానం పెట్టించి, కొలతలతో సహా ఆటస్థలంగా రికార్డులో రాసి, హద్దురాళ్లు పాతించండి. కంచె, మెట్లు లాంటివి చేయాలనుకుంటే ఉపాధి హామీ చట్టం కింద చేయదగ్గ పనుల్లో ఆటస్థలాలనూ చేర్చారు, అధికారులకు ఇది తెలియనిది కాదు. అన్నట్టు, ఆ టేపు పట్టుకొచ్చినవాళ్లు ఎవరో అధికారులైనా కనుక్కుని చెబితే బాగుంటుంది. వాళ్లు పాతి వెళ్లిన రెండు మేకులు వాలీబాల్ కోర్టు గీత మీదే ఉన్నాయి, పిల్లలు పీకేస్తామంటుంటే మేమే ఆపి ఉంచాం.

ఇట్లు,
ఆనందపురం మండలం నుంచి ఒక పాఠకుడు,
విశాఖపట్నం జిల్లా