అవతలి సైనికుడికీ ఒక కారణం ఉంటుంది

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య యుద్ధం సినిమాలు చూస్తుంటే బాధేస్తోంది. అవతలి సైనికుడికి ఊరుండదు, తల్లుండదు, తుపాకీ ఎందుకు పట్టాడో ఎవరూ చెప్పరు, హీరో చేతిలో చావడానికే తెర మీదికొస్తాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ దీవి ఇవో జిమా కోసం జరిగిన పోరులో దాదాపు ఏడు వేల మంది అమెరికన్లు చనిపోయారు. అయినా 2006లో అమెరికా దర్శకుడు క్లింట్ ఈస్ట్‌వుడ్ దాని మీద రెండు సినిమాలు తీశాడు, ఒకటి తమవాళ్ల వైపు నుంచి, రెండోది జపాన్ సైనికుల వైపు నుంచి, అదీ జపనీస్ భాషలోనే.

మన నల్లగొండకు ఇది మరీ దగ్గరి విషయం. రజాకార్ల దారుణాలు చూపించాల్సిందే, ఒక్కటీ దాచొద్దు. కానీ వాళ్లలో చేరిన పేద కుర్రాడు రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ మాటలు ఎందుకు నమ్మాడు, ఏ భయం వాణ్ని అక్కడికి తోసింది? రజాకార్లకు వ్యతిరేకంగా రాసి 1948 ఆగస్టులో హత్యకు గురైన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే కదా, ఆయన ఎందుకు నమ్మలేదు? సెప్టెంబరులో వచ్చిన భారత సైన్యం నిజాం పాలనను ముగించి, తర్వాత కమ్యూనిస్టు దళాల మీదికి మళ్లింది, ఆ పోరు 1951 దాకా సాగింది. భూమి కోసం పోరాడిన రైతుకూ, ఆర్డర్ మీద వచ్చిన జవానుకూ ఎవరి కారణం వాళ్లకుంది. ఆ ఇద్దరినీ ఒకే సినిమాలో చూపించే కథ మన దర్శకులు రాయాలి, మీ సినిమా పేజీలో రివ్యూలు రాసేవాళ్లు కూడా ఫైట్లతో పాటు ఈ సంగతి అడగాలి.

- ఒక పాఠకుడు, మిర్యాలగూడ