చలి రాత్రుల్లో నీ ఊసరవెల్లి

అమ్మలూ,

హ్యూస్టన్‌లో చలి మొదలైందిగా, ఊసరవెల్లి గూడు రాత్రిళ్లు పెరట్లోనే ఉంచొచ్చా అని అడిగావు. ఉంచొచ్చు, కానీ అన్ని రాత్రులూ కాదు.

నీది బాగా ఎదిగిన వెయిల్డ్ రకం ఊసరవెల్లి. దీని జాతిది యెమెన్, నైరుతి సౌదీ కొండప్రాంతం. అక్కడా రాత్రిళ్లు చల్లబడతాయి కాబట్టి 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా బెంగపడకు. 50కి దిగుతుందంటే లోపలికి తెచ్చెయ్. కొందరు 45 దాకా బయటే ఉంచుతారు, నువ్వు అంత దూరం పోవద్దు. పాంథర్ రకం ఊసరవెల్లి అయితే 60 దగ్గరే, ఊసరవెల్లి పిల్లలైతే 65 దగ్గరే తెచ్చెయ్యాలి.

ఈ అంకెలు పొడి రాత్రులకే. వాన, గాలి కలిస్తే 58 కూడా ఎక్కువ చలే. సాయంత్రం నీళ్లు చల్లకు, పొద్దుగూకేసరికి ఆకులు ఆరిపోవాలి. గూటికి మూడు పక్కలా, పైనా ప్లాస్టిక్ షీట్ కట్టి, గాలి రాని వైపు తెరిచి ఉంచు.

అన్నిటికన్నా ముఖ్యం, మర్నాడు ఎండ వస్తుందా అన్నది. చలి పట్టిన ఊసరవెల్లి పొద్దున్నే నల్లబడి, ఒళ్లు పలకలా చదును చేసి ఒక పక్క ఎండకు పెడుతుంది. అలా ఒళ్లు 85 దాకా వేడెక్కితేనే తిన్నది సరిగ్గా అరుగుతుంది. మబ్బు పట్టి పగలంతా 65 దాటకపోతే తిన్న పురుగులు అరగక కడుపులోనే కుళ్లొచ్చు. అందుకే రాత్రి 54 ఉన్నా, మర్నాడు మబ్బంటే లోపలే ఉంచు. చలి రోజుల్లో మేత మధ్యాహ్నంలోపే, కొంచెమే పెట్టు.

ఫోన్‌లో చూపించే ఉష్ణోగ్రత నమ్మకు. ఊసరవెల్లి పడుకునే కొమ్మ పక్కనే, కనిష్ఠం గుర్తుంచుకునే డిజిటల్ థర్మామీటర్ కట్టు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి పెరడు ఇంకా చల్లబడుతుంది, తెల్లవారుజామున మరీనూ. మీ దగ్గర ఉత్తరపు శీతగాలి దిగితే గంటల్లోనే 20 డిగ్రీలు పడిపోతుంది.

రాత్రి లైటు పెట్టకు, ఎర్ర బల్బయినా నిద్ర చెడుతుంది. వాన తగిలేచోట హీటర్ కరెంటు పెట్టడం నాకిష్టం లేదు, గూడు లోపలికి తేవడమే నయం.

ఎప్పుడైనా బిగుసుకుపోయి కనిపిస్తే వేడి బల్బు కింద పెట్టకు, వేడినీళ్లలో ముంచకు. 70 డిగ్రీల గదిలో నెమ్మదిగా కోలుకోనిచ్చి, తర్వాత ఎండ చూపించు. చురుగ్గా కదిలేదాకా మేత వద్దు, నోట్లో నీళ్లు పొయ్యొద్దు. చల్లగా ఉన్నప్పుడు కూడా నోరు తెరిచి, తల పైకెత్తి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా ఊపిరితిత్తులకు జబ్బు చేసినట్టే. ఇంట్లో మందులు వెయ్యకుండా ఆ రోజే సరీసృపాలు చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు.

నాన్న