అవ్వ కుర్చీ పట్టాలి

కావలి,
ఆదివారం.

అమ్మాయ్,

నువ్వు పంపిన హైబ్రిడ్ కార్ల బ్రోచర్లు చూశాం, పెట్రోలు ఇంజినూ కరెంటు మోటారూ రెండూ ఉన్నవి. మీ అమ్మకు రంగు నచ్చింది. నా చూపు మాత్రం లీటరుకు 27.97 కిలోమీటర్లన్న అంకె దగ్గరే ఆగిపోయింది. అది పరీక్షలో వచ్చిన లెక్క తల్లీ, ఏసీ వేసుకుని హైవే మీద వంద దాటించి పోతే రాదు.

ముప్పై ఏళ్లు ఆర్టీసీ డిపోలో బ్రేకులు విప్పినవాణ్ణి. బ్రేకు తొక్కినప్పుడల్లా బండి ఊపంతా వేడైపోయి లైనర్లు అరిగేవి. ఇప్పుడు ఆ పోయేదాన్నే మోటారు కరెంటు చేసి బ్యాటరీలో దాస్తుందంటే ముచ్చటేసింది. ప్లగ్గు పెట్టే పని లేదు. చెన్నైలో నువ్వు ఆఫీసుకెళ్లే దారిలా ఆగుతూ కదులుతూ పోయేచోట అది బాగా కలిసొస్తుంది. నెల్లూరు దాటి కావలి దాకా బ్రేకు ముట్టకుండా వచ్చే రోడ్డు మీద మాత్రం ఎక్కువగా ఇంజినే లాగాలి.

మారుతి గ్రాండ్ విటారానా, టయోటా హైరైడరా అని కొట్టుకోకు. హైబ్రిడ్‌లో రెండింటికీ అదే ఒకటిన్నర లీటర్ల, మూడు సిలిండర్ల ఇంజిను. సర్వీసు ఎక్కడ దగ్గరో చూసుకో, చాలు. కానీ ఒకటి గట్టిగా అడుగు: స్ట్రాంగా (ఒట్టి మోటారు మీద కూడా కాస్త దూరం నడిచేది), మైల్డా (మోటారు ఇంజినుకు సాయం మాత్రమే చేసేది)? నా స్నేహితుడొకడు హైబ్రిడ్డే కదా అని కొన్నాడు. తీరా చూస్తే అది మైల్డు, ఒట్టి మోటారు మీద గజం కూడా కదలదు. ఇప్పటికీ ఆ షోరూము పేరెత్తితే చిందులేస్తాడు.

ఇక డబ్బు లెక్క. మామూలు పెట్రోలు బండి కన్నా రెండున్నర లక్షలు ఎక్కువనుకో. లీటరుకు అది పదిహేను కిలోమీటర్లు, ఇది ఇరవై రెండు ఇస్తాయనుకో. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే ముప్పై రెండు లీటర్లు మిగులుతుంది. లీటరు వంద లెక్కన 3,200. అసలు రావడానికి ఆరున్నరేళ్లు! ఐదేళ్లకే మార్చేసే పనైతే వద్దే వద్దు. నా స్కూటరులా అరిగేదాకా ఉంచుకుంటానంటే తీసుకో. పెద్ద బ్యాటరీకి వారంటీ ఎన్నేళ్లో కాగితం మీద చూడు. మామూలు పన్నెండు వోల్టుల బ్యాటరీ కూడా వేరే ఉంటుంది. వారాల తరబడి కదపకుండా పెడితే అది దిగిపోయి, పెద్దది నిండుగా ఉన్నా బండి లేవదు.

అన్నిటికన్నా ముఖ్యం డిక్కీ. బ్యాటరీ అక్కడే కింద కూర్చోవడంతో చోటు తగ్గింది. వచ్చే శనివారం నువ్వొస్తే అవ్వ చక్రాల కుర్చీ మడిచి నెల్లూరు షోరూముకి తీసుకెళ్దాం. పెట్టి, తలుపు వేసి చూద్దాం. వాళ్లు నవ్వితే నవ్వుకోనీ.

అవ్వకు చెప్పాను. ముందు సీటు తనదేనంటోంది.

మీ నాన్న