చిన్నాకి, స్పానిష్ క్లాసు కాగితం గురించి

చిన్నా,

ఇది తెలుగులో రాస్తున్నాను, నెమ్మదిగా చదువుకో, తొందరేం లేదు. ఆరేళ్ళు ఆదివారం తెలుగు బడికి వెళ్ళావు, కూడబలుక్కుంటూ అయినా చివరిదాకా చదువుతావని నాకు తెలుసు. అర్థం కాని మాట కింద గీత గీసి ఉంచు, రాత్రి అన్నం దగ్గర చెప్తాను.

నిన్న మధ్యాహ్నం మీ స్పానిష్ టీచర్ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. కోప్పడుతూ ఏం రాయలేదు. వారాంతంలో ఏం చేస్తావో అయిదు వాక్యాలు రాయమంటే నువ్వు తొమ్మిది వాక్యాలు రాశావట, వాటిలో ఒకటి ఆవిడ అక్కడే రాసి పంపింది: అబ్రియా ఇదో అల్ పార్తిదో సి నో ఉబియెరా యోవిదో. వాన పడకపోయి ఉంటే మ్యాచ్‌కి వెళ్ళి ఉండేవాణ్ణి అని దానర్థం. ఇలాంటి క్రియారూపం మూడో ఏడో నాలుగో ఏడో నేర్పుతారు, మీకింకా నేను తింటాను, నువ్వు తింటావు దగ్గరే నడుస్తోంది. ఉబియెరా అంటే ఏంటి అని ఆవిడ అడిగితే నువ్వు తల దించుకున్నావట, అనువాదం చేసే యాప్‌తో రాయించావని అర్థమైపోయింది. ఆ పనికి సున్నా వేసింది, శుక్రవారం లోపు నీ చేత్తో మళ్ళీ రాసిస్తే దిద్దుతానంది.

నేను నిన్ను తిట్టడానికి రాయడం లేదు. ముందు నా సంగతి చెప్పాలి. ఆగస్టులో స్కూలు తెరిచిన వారం నువ్వు ఏడు క్లాసుల నియమాలు రాసిన కాగితాలు తెచ్చి నా ముందు పెట్టావు, నేను కాల్‌లో ఉండి, చెవిలో హెడ్‌సెట్ తీయకుండానే అన్నిటి మీదా సంతకం పెట్టేశాను. ఒక్కటి కూడా చదవలేదు. తల్లిదండ్రులు చదివి సంతకం చేయాలి అని ఆ గీత పైనే రాసి ఉంది. నిన్న రాత్రి స్పానిష్ క్లాసుది వెతికి తీసి నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. ఆ పని ఆగస్టులోనే చేసి ఉంటే నీతో అప్పుడే కూర్చునేదాన్ని.

అందులో చాలావరకు మామూలు సంగతులే. బెల్ కొట్టేసరికి సీట్లో ఉండాలి, బోర్డు మీద ఉన్న అయిదు నిమిషాల పని మొదలుపెట్టాలి, నోట్‌బుక్‌లో తేదీ స్పానిష్‌లో రాయాలి (నువ్వు మార్తెస్, అంటే మంగళవారం, అన్న మాటకి పెద్ద అక్షరం పెడుతున్నావు, స్పానిష్‌లో వారాలకీ నెలలకీ చిన్న అక్షరమే), బడి మానేస్తే ఆ రోజు పని నువ్వే అడిగి తెచ్చుకోవాలి, ఆలస్యమైతే మార్కులు తగ్గుతాయి. ఇవన్నీ నువ్వు బాగానే చేస్తున్నావు. ఫోన్ సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు, 2025లో టెక్సస్ చట్టం చేశాక బడి వేళల్లో ఫోన్ వాడే వీలే లేదు. అందుకే ఈ యాప్ వ్యవహారం క్లాసులో కాకుండా ఇంట్లో, నీ గదిలో జరిగింది.

నన్ను పట్టుకున్న లైను మూడో పేజీలో ఉంది. ప్రతి వారం మాట్లాడినందుకు మార్కులు, తప్పు మాట్లాడితే పోవు, మాట్లాడకపోతే పోతాయి. ఆవిడ క్లాసులో దాదాపు స్పానిష్ తప్ప వేరే మాట ఉండదు, బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా స్పానిష్‌లోనే అడగాలి. ఇది ఆవిడ ఒక్కదాని పట్టుదల కాదు, అమెరికాలో భాషలు నేర్పే టీచర్ల సంఘం యాక్ట్‌ఫుల్ కూడా క్లాసు సమయంలో 90 శాతం, ఆ పైన, నేర్చుకునే భాషలోనే గడవాలని చెప్తుంది. ఈ లైను చదివాక నాకు సెప్టెంబరులో నువ్వన్న మాట గుర్తొచ్చింది. ఆ రోజు కారెక్కగానే ఇంటికి తొందరగా పోనీ అమ్మా అన్నావు, ఎందుకురా అంటే ఆ పీరియడ్ నుంచీ ఆపుకున్నానన్నావు. పువేదో ఇర్ అల్ బాన్యో. నాలుగంటే నాలుగు మాటలు. అవి నీకు వచ్చు, నాకు కారులోనే చెప్పావు. క్లాసులో నోరు తెరిచి అడగలేక గంటల తరబడి ఆపుకున్నావు. అది విని నేను ఆ రోజు నవ్వేసి ఊరుకున్నాను, నవ్వకుండా ఉండాల్సింది.

ఇంకో రోజు కూడా ఉంది. మే నెలలో పడ్డ వడగళ్ళకి పాడైన ఇంటి కప్పు ఇన్సూరెన్స్ తేలేసరికి సెప్టెంబరు చివరికొచ్చింది కదా, ఆ ఆరుగురు పనివాళ్ళు తెల్లవారకుండానే వచ్చి షింగిల్స్ పీకడం మొదలుపెట్టారు, పదకొండు గంటలకల్లా ఆ కప్పు మీద చెయ్యి పెట్టలేం. నేను పెద్ద స్టీలు గిన్నె నిండా మజ్జిగ చేసి, ఉప్పూ అల్లం వేసి, గ్లాసులతో బయటికి తీసుకెళ్ళాను. అందరిలో పెద్దాయన గ్లాసు తీసుకుని, చెమట తుడుచుకుని, లోపలికి చూసి, కే ఎస్ అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. నవ్వి, తాగండి అన్నట్టు చెయ్యి ఊపాను. ఆయన మొహమాటంగా గ్లాసు అలాగే పట్టుకుని నిలబడ్డాడు, ఏముందో తెలియకుండా ఎవరు తాగుతారు చెప్పు. నువ్వు నా వెనకాలే, తలుపు సగం తీసి పట్టుకుని ఉన్నావు. అప్పటికి మీ క్లాసులో తిండి మాటల క్విజ్ అయిపోయింది. పెరుగు వచ్చు, నీళ్ళు వచ్చు, ఉప్పు వచ్చు. లోపలికొచ్చాక నువ్వే అన్నావు, ఏంటి ఇది అని అడిగాడమ్మా అని. మరి చెప్పలేదేం అంటే, తప్పు చెప్తే? అన్నావు.

ఈ తప్పు చెప్తే అన్న భయం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. నీకు ఏడేళ్ళప్పుడు ఒక పెళ్ళికి ఇండియా వెళ్ళాం. ఇంటినిండా చుట్టాలు, నువ్వు అమ్మమ్మ దగ్గరికెళ్ళి, అమ్మమ్మా నేను ఆకలి ఉన్నాను అన్నావు. అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఎవరి మనసులోనూ చెడు లేదు, ముద్దుగానే నవ్వారు, కానీ తర్వాత ఒకరి తర్వాత ఒకరు నిన్ను పిలిచి మళ్ళీ అనమని అడిగారు. నువ్వు అనలేదు. ఆ పది రోజులూ అడిగినదానికి తల ఊపడమే తప్ప తెలుగు మాట్లాడలేదు, ఇక్కడికొచ్చాక నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబివ్వడం అప్పుడే మొదలుపెట్టావు. నేను అప్పుడే వాళ్ళని ఆపి ఉండాల్సింది, వాడు బాగానే చెప్పాడు అనాల్సింది. ఆ మాట ఇప్పుడంటున్నాను. నువ్వన్నదాంట్లో అమ్మమ్మకి అర్థం కానిది ఏమీ లేదు. ఆవిడ వెంటనే లేచి నీకు అన్నం కలిపింది.

నేనూ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. హైదరాబాదులో ఇంజనీరింగ్‌లో చేరాక మొదటి ఏడాదంతా క్లాసులో నోరు విప్పలేదు, జవాబు తెలిసి కూడా. పక్కవాళ్ళు చెప్పి మార్కులు తెచ్చుకుంటుంటే పుస్తకంలో గీతలు గీస్తూ కూర్చునేదాన్ని. అందుకే ఈ విషయంలో నిన్ను వదలను.

ఇంకో సంగతి నీకు చెప్పలేదు. మూడు వారాలుగా నువ్వు పడుకున్నాక నీ స్పానిష్ పుస్తకం తీసి నేనూ చదువుతున్నాను. చదివేకొద్దీ ఒకటి తెలిసింది, ఈ భాష మన ఇంట్లో ఉన్నవాళ్ళకి నువ్వు అనుకుంటున్నంత కష్టం కాదు. నువ్వు ఇంగ్లీషులోంచి వెళ్తున్నావు, అందుకే గుద్దుకుంటున్నావు. తెలుగులోంచి వెళ్ళి చూడు. ఐ లైక్ అనుకుని దాన్ని మార్చబోతే మె గుస్తా అర్థం కాదు, ఎందుకు నేను అనకుండా నాకు అంటున్నారో తెలియదు. తెలుగులో మనం ఎప్పుడూ అంటున్నది అదే కదా, నాకు మామిడిపండు నచ్చుతుంది, మె గుస్తా ఎల్ మాంగో. పళ్ళు ఎక్కువైతే నాకు మామిడిపళ్ళు నచ్చుతాయి, మె గుస్తాన్ లోస్ మాంగోస్. నచ్చుతుంది, నచ్చుతాయి, గుస్తా, గుస్తాన్. నీ క్విజ్‌లో నాలుగు మార్కులు పోయింది సరిగ్గా ఇక్కడే.

నేను, నువ్వు అని ప్రతిసారీ చెప్పక్కర్లేదని మీ టీచర్ అంటే ఆశ్చర్యపోయావు. మాట్లాడతాను అంటే చాలదా, నేను అని వేరే చెప్పాలా? ఆబ్లో అన్నా అంతే, చివర ఓ లోనే నేను ఉంది. ఇంక ఉండటం అనే అర్థంలో వాడే రెండు క్రియలు, సేర్, ఎస్తార్ గురించి క్లాసులో అందరూ జుట్టు పీక్కుంటున్నారన్నావు. ఆవిడ డాక్టర్ అంటాం, మధ్యలో ఏ క్రియా లేదు, అక్కడ సేర్. ఆవిడ ఇంట్లో ఉంది అంటాం, ఉంది అన్నచోట ఎస్తార్. అలసటగా ఉంది, అదీ ఎస్తారే. అన్నిసార్లూ కుదరదు, వాడు పొడుగ్గా ఉన్నాడు అని మనం అంటాం కానీ వాళ్ళు ఎస్ అల్తో అని సేర్ వాడతారు, అయినా మొదట్లో సగానికి సగం దారి ఇదే చూపిస్తుంది.

పలకడం చూడు. టాకో అని ఈ ఊళ్ళో అందరం అంటాం, స్పానిష్‌లో అది తాకో, మన త. దోస్ లో మన ద. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన పిల్లలు ఈ రెండింటికీ కష్టపడతారు, నీకు చిన్నప్పటి నుంచీ నోట్లో ఉన్నవే. పెరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క, తేడా అంతా ర కీ ర్ర కీ మధ్యే, గొర్రె, కర్ర అనేవాడికి అదేం లెక్క? నాలుక ఇంకాస్త ఎక్కువసేపు ఆడించాలి, అంతే. తెలుగు బడిలో ఞ నేర్చుకున్న రోజు, దీనితో ఒక్క మాట కూడా మొదలవదు, ఎందుకమ్మా ఇది అని అడిగావు, నా దగ్గర జవాబు లేదు. ఇదిగో, ఎన్ మీద అలలాంటి గీత పెట్టిన ఆ స్పానిష్ అక్షరం మన ఞ నే. మఞానా, రేపు.

తూ, ఉస్తెద్ సంగతి నీకు నేను చెప్పనే అక్కర్లేదు, నువ్వు, మీరు. టీచర్‌కి రాసే ఈమెయిల్‌లో ఉస్తెద్ అనే రాయమని కాగితంలో ఉంది. ఇది ఊరిని బట్టి మారుతుంది, మన దగ్గరా అంతేగా, తెలంగాణలో చాలామంది ఇంట్లో పెద్దవాళ్ళని కూడా ప్రేమగా నువ్వు అంటారు, కోస్తా వాళ్ళు వింటే ఉలిక్కిపడతారు, కొలంబియాలో కొన్నిచోట్ల సొంత ఇంట్లోవాళ్ళనే ఉస్తెద్ అంటారట. క్లాసులో మాత్రం టీచర్ చెప్పినట్టే.

తెలుగు సాయం రానిచోటా ఉంది. బల్ల ఆడ, పుస్తకం మగ ఎందుకు అంటే దానికి జవాబు లేదు, ప్రతి మాటనీ ముందు మగదైతే ఎల్ తోనో ఆడదైతే లా తోనో కలిపి బట్టీ పట్టాల్సిందే. మామూలుగా ఓ తో ముగిస్తే మగ, ఆ తో ముగిస్తే ఆడ, కానీ ఓ తో ముగిసినా లా మానో (చెయ్యి), ఆ తో ముగిసినా ఎల్ దియా (రోజు). అలాంటివి కార్డుల మీద రాసి పెట్టు, ఉదయం బస్సు కోసం నిలబడే ఎనిమిది నిమిషాలు చాలు.

యాప్ విషయం. కాగితం ప్రకారం ఒక్క మాటకి అర్థం చూసుకోవచ్చు, వాక్యం మొత్తం మార్పించుకోకూడదు. మొదటిసారి సున్నా, ఇంటికి కబురు. రెండోసారి కౌన్సెలర్ దాకా వెళ్తుంది. టెక్సస్‌లో డిగ్రీ కాదు, హైస్కూల్ పూర్తవాలన్నా ఒకే భాషలో రెండు క్రెడిట్లు ఉండాలని నీకు తెలుసు, నాకా టెన్షన్ పెద్దగా లేదు, అవి నువ్వు తెచ్చుకుంటావు. నాకున్న బాధ వేరు. యాప్ రాసిన ఆ వాక్యంలో నువ్వు లేవు. శనివారం నువ్వు నిజంగా ఏం చేశావో నాకు తెలుసు, వాన పడింది, నాన్నతో క్యారమ్స్ ఆడావు, పెసరట్టు తిన్నావు. తింటాను, ఆడతాను నీకు వచ్చు. అయిదు చిన్న వాక్యాలు, అందులో రెండు తప్పులున్నా ఆవిడ ఎర్ర పెన్నుతో దిద్దుతుంది, ఆ దిద్దింది నీకు గుర్తుంటుంది. గురువారం బడి అయ్యాక ట్యుటోరియల్స్ ఉన్నాయని కాగితంలో చూశాను, అరగంట ఉండు, నేనొచ్చి తీసుకెళ్తాను. పెసరట్టుని స్పానిష్‌లో ఏమంటారో వెతక్కు, పెసరట్టు అనే రాయి.

మనం ఉండే ఊరి పేరు ప్లేనో, రోజూ అంటాం. స్పానిష్‌లో ప్లానో అంటే చదును. ఈ టెక్సస్‌లోనే అమరిల్లో ఊరి పేరంటే పసుపు, ఎల్ పాసో ఊరి పేరంటే కనుమ, బ్రాసోస్ నది అంటే చేతులు. పన్నెండేళ్ళుగా ఇక్కడ ఉంటూ నీ పుస్తకం చూసేదాకా నాకివి తెలియలేదు. ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళు మన వీధిలోనే మూడు ఇళ్ళున్నారు.

ఇవాళ్టి నుంచి రాత్రి అన్నం దగ్గర పది నిమిషాలు ఇద్దరం స్పానిష్‌లో మాట్లాడదాం, నేనూ తప్పులే మాట్లాడతాను, నువ్వు దిద్దు. కాగితం ఫ్రిజ్ మీద అతికించాను, ఈసారి చదివి, ఇవాళ్టి తేదీ వేసి, కింద మళ్ళీ సంతకం పెట్టాను, నీ సంతకానికి పక్కన చోటు ఉంచాను.

శనివారం గటర్లు బిగించడానికి ఆ పనివాళ్ళే మళ్ళీ వస్తున్నారు. మజ్జిగ నేను చేస్తాను, గ్లాసులు నువ్వు పట్టుకురా. పెద్దాయన మళ్ళీ కే ఎస్ అని అడిగితే, ఎస్ యోగుర్ కోన్ ఆగ్వా ఇ సాల్. అల్లానికి ఏమంటారో నాకు తెలియదు, నువ్వు చూసి ఉంచు.

అమ్మ