దిగే ముందే తేల్చుకోవలసినది

చి. హారికకు,
అమ్మ ఆశీస్సులు.

పైలట్ లైసెన్సు చేతికొచ్చిందని, స్నేహితులను సెస్నా 172ఎస్ అనే నాలుగు సీట్ల చిన్న విమానంలో ఎక్కించుకుని టెక్సాస్‌లోనే మరో చిన్న విమానాశ్రయానికి వెళ్తానని రాశావు. చాలా సంతోషం. కానీ అక్కడి రన్‌వే 2,600 అడుగులేనన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

యాభై అడుగుల ఎత్తు నుంచి దిగి ఆగడానికి మీ విమానానికి సుమారు 1,335 అడుగులు చాలంటారు. అది సముద్రమట్టం దగ్గర, గాలి లేనప్పుడు, పొడి రన్‌వే మీద, 61 నాట్ల (గంటకు సుమారు 113 కిలోమీటర్ల) వేగంతో వస్తేనే. వెనుక గాలి ఉంటే ప్రతి 2 నాట్లకు దూరం పది శాతం పెంచుకోమని ఆ విమానం పుస్తకమే చెబుతుంది. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందన్న పాఠం నీకు నేనే చెప్పాను. 70 నాట్లతో వస్తే ఆపవలసిన శక్తి దాదాపు మూడో వంతు ఎక్కువ. పైగా ఆ అదనపు వేగం తగ్గేదాకా విమానం నేలకు ఆనకుండా తేలుతూ పోతుంది. అంతసేపూ బ్రేకులు ఉన్నా లేనట్టే.

2019 ఆగస్టులో టెనెసీలోని ఎలిజబెత్‌టన్‌లో జరిగిన ప్రమాదం గురించి తప్పక చదువు. అది చిన్న ప్రైవేటు జెట్. కార్ల పందేల డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ కుటుంబం అందులో ఉంది. వేగం ఎక్కువగా ఉందని పైలట్లకు తెలుసు. అయినా దిగారు. విమానం నేలకు తగిలి ఎగిరింది, మళ్లీ తగిలి మళ్లీ ఎగిరింది. మూడోసారి తాకేసరికి ముందు సుమారు వెయ్యి అడుగులే మిగిలాయి. రన్‌వే దాటి, కంచె తెంచుకుని, రోడ్డు దగ్గర ఆగి అంటుకుంది. అదృష్టం, అందరూ బతికారు. నేలను తాకకముందే గో-అరౌండ్ చేయకపోవడాన్నే, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి లేవకపోవడాన్నే, దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తప్పుపట్టింది. ఇంజిన్ల తోపును ముందుకు మళ్లించి వేగం తగ్గించే రివర్సర్లు తెరిచాక పైకి లేవబోయారు కానీ, అప్పటికే సమయం మించిపోయింది.

అందుకే గో-అరౌండ్ హద్దు బయలుదేరే ముందే నిర్ణయించుకో. రన్‌వే మొదటి మూడో వంతులో చక్రాలు ఆనకపోతే, వేరే ఆలోచన లేకుండా లేచిపో. ఆ హద్దుకు గుర్తుగా రన్‌వే నుంచి పక్కకు మళ్లే ఏ దారి (టాక్సీవే) ఉందో మ్యాపులో చూసుకో. స్నేహితులు ఏమనుకుంటారోనని వెనకాడకు. మన ఇళ్లలో ఆడపిల్లలకు మొహమాటం ఉగ్గుపాలతోనే రంగరించి పోస్తారు, కాక్‌పిట్‌లో దాన్ని దగ్గరకు రానివ్వకు. ఒకసారి కాదు, మూడుసార్లు చుట్టి వచ్చినా ఫరవాలేదు.

తిరిగి బయలుదేరేటప్పుడూ లెక్క వేసుకో. అక్కడి ఎండకు గాలి పలచబడి ఎక్కువ దూరం పరుగెత్తాలి. నలుగురూ, నిండా పెట్రోలూ అయితే బరువు పరిమితి దాటవచ్చు. వేసిన లెక్కల కాగితం ఫొటో తీసి ముందు రోజే పంపు, నేనూ సరిచూస్తాను.

అమ్మ