ప్రాజెక్టు పని నెట్ సెంటర్లో తయారవ్వాలా?

సంపాదకులు గారికి,

ఎఫ్‌ఏలు (బడిలో ప్రాజెక్టులతో కలిపి పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్ పరీక్షలు) దగ్గరపడ్డాయంటే మా ఊరి నెట్ సెంటర్ ముందు పిల్లలు బారులు తీరతారు. 'తుఫానులు' అని చెబితే చాలు, నాలుగు కాగితాలు, రెండు రంగుల బొమ్మలు తీసి చేతిలో పెడతారు. క్లాసంతటికీ అవే బొమ్మలు. వాటికి మార్కులు వేయాలంటే నాకే సిగ్గేస్తుంది.

ఈ ఏడు తొమ్మిదో తరగతికి పద్ధతి మార్చాను. మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లనడిగి రాయమన్నాను, వ్యాసం మాత్రం వద్దన్నాను. ఉత్తరం, వార్త, సంభాషణ, అర్జీ, పాట, పటం, వీటిలో ఏవైనా నాలుగు ఒకే ఫైల్లో పెట్టాలి. ఆ రూపమే ఎందుకు ఎంచుకున్నారో కింద రెండు వాక్యాలు రాయాలి. లేఖ, కరపత్రం, సంభాషణ పరీక్షకెలాగూ నేర్పుతున్నవేగా!

ఒక కుర్రాడు రేడియో వార్త రాశాడు: 'వాయుగుండం బలపడింది, జాలర్లు వేటకు వెళ్లరాదు.' ఎదుటి పేజీలో వాళ్ల తాతతో సంభాషణ. 'రేడియోలో చెప్పలేదా తాతా?' 'మా పాలెంలో రేడియో ఎవడికుందిరా?' వ్యాసమైతే 'హెచ్చరికలు అందరికీ అందలేదు' అని రాసేసి ముందుకు పోయేవాడు.

ఒకమ్మాయి వాళ్ల అమ్మమ్మ తరఫున తాసిల్దారుకు అర్జీ రాసింది. పాడిగేదె, ఇత్తడి బిందె, వల, ఒక్కోదానికీ ఎదురుగా ఖరీదు. పెళ్లినాటి చీర దగ్గర 'చెప్పలేదు' అని ఉంది. అర్జీయే ఎందుకంటే, 'అమ్మమ్మ ఏడవకుండా చెప్పింది సామాన్ల గురించే టీచర్' అని రాసింది.

అందరూ ఇలా రాశారని కాదు. పాఠంలోని పేరా పైన 'ప్రియమైన మిత్రమా' తగిలించి ఉత్తరం అన్నవాళ్లూ ఉన్నారు. దిద్దడానికి ఆదివారాలు పోయాయి. తనిఖీకి వచ్చినాయన మాత్రం ఫైళ్లు తిరగేసి, 'చార్టులేవమ్మా, రంగులేవీ?' అన్నారు.

విద్యాశాఖ వారిని కోరేదొక్కటే. ప్రతి ఎఫ్‌ఏకూ ఒక ప్రాజెక్టు అడిగే బదులు, తెలుగులో ఏడాదికి ఒక్కటే ఇలాంటిది చేయించనివ్వండి. పిల్లలు పెద్దవాళ్ల దగ్గర కూర్చుని రాసుకోవడానికి నెల గడువివ్వండి. అందాకా రిజిస్టరులో ప్రాజెక్టు మార్కుల గడి ఖాళీగా ఉంటే సంజాయిషీ అడగకండి.

— ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
అవనిగడ్డ, కృష్ణా జిల్లా